కానరాని బరువు

శీతకాలమున సూళ్లూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు బాటమీద నిలిచి చూచువారికి పులికాటు సరస్సు ఇరువైపుల అద్దమువలె పఱచుకొనియుండును. ఆ నీటిలో వేలకొలది రాజహంసలు మేతకై దిగియుండును. నీరు మట్టిరంగున నుండుటచే అడుగు కనబడదు. ఐనను ఆ ప్రాంతపు జాలరి ఎచట ఎంత లోతున్నదో గట్టుమీదనుండియే చెప్పగలడు. పక్షి పాదములు మాత్రమే మునిగినచో అచట లోతు తక్కువ. పొడవైన కాళ్లు పూర్తిగ మునిగినచో లోతు ఎక్కువ. పక్షి నిలువలేక ఈదుచున్నచో లోతు మఱింత ఎక్కువ. జాలరి అడుగును చూడలేదు. అడుగుమీద నిలిచినదానిని చూచినాడు. కనబడుదానినిబట్టి కనబడనిదానిని తెలిసికొనుట యనగా నిదియే.

ఖగోళశాస్త్రజ్ఞులు తొంబది యేండ్లకు పైగా ఆకాశమున ఇట్టి పనినే చేయుచున్నారు. వారికి నక్షత్రములే రాజహంసలు. ఆ నక్షత్రముల నడకనుబట్టి, విశ్వములో కంటికి గాని దూరదర్శినికి గాని కనబడని పదార్థమొకటి మిక్కిలిగా నున్నదని వారు గ్రహించిరి. దానికి కృష్ణపదార్థమని పేరు పెట్టిరి. ఆ పదార్థము ఎట్లు కదలుచున్నది? దానిని పట్టుకొనుటకు మనుష్యులు ఏమేమి చేసిరి? ఆ కథలో కొంతభాగము సూళ్లూరుపేట సమీపమునను, మఱికొంత చిత్తూరు జిల్లా సరిహద్దునను జరిగినది.

సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో కాళంగి నది చెంతనున్న పట్టణము. చెంగాళమ్మ దేవాలయముచేత ఈ యూరు పూర్వమునుండి ప్రసిద్ధము. పట్టణమునకు తూర్పున పులికాటు సరస్సును, దానికావల సముద్రపుటొడ్డున శ్రీహరికోటయు నున్నవి. రాకెట్లను ప్రయోగించుటకు 1969లో ఈ ద్వీపమును ఎన్నుకొనిరి. 1971 అక్టోబరు 9వ తేదీన అచటనుండి మొదటి చిన్న రాకెట్టు పైకెగసెను. నాటినుండి రాకెట్టు ఎగురు దినమున సూళ్లూరుపేట వీథులలో జనులు మేడలెక్కి తూర్పుదిక్కు చూచుట పరిపాటియైనది.

2015 సెప్టెంబరు 28వ తేదీ ఉదయము పది గంటలకు అట్లు మేడలెక్కినవారు చూచిన రాకెట్టు ఒక విశేషమైన బరువును మోసికొనిపోయినది. అది ఆస్ట్రోశాట్ అను ఉపగ్రహము. దాని బరువు 1,513 కిలోలు. ఖగోళపరిశీలనమునకే ప్రత్యేకముగ మన దేశము నిర్మించిన మొదటి ఉపగ్రహ మదియే. భూమికి 650 కిలోమీటర్ల యెత్తున తిరుగుచు, వాయుమండలము అడ్డగించు అతినీలలోహిత కిరణములను, ఎక్స్ కిరణములను అది పట్టి చూచును. ఐదేండ్లు పనిచేసిన చాలునని తలచిరి. అది పదేండ్లు నిండిన పిదపకూడ పని మానలేదు. ఆ యుపగ్రహము చూచిన వానిలో దేవయాని యను గెలాక్సి యొకటి. కృష్ణపదార్థమునకు గట్టి సాక్ష్యము లభించినది ఆ గెలాక్సియందే కావున, ముందుగా దాని చెంతకు పోవలసియున్నది.

గెలాక్సి యనగా నక్షత్రముల మహాసముదాయము. వేసవి రాత్రి చీకటి పల్లెలో ఆకాశమున పాలు చిమ్మినట్లు కనబడు పాలపుంతయే మన గెలాక్సి. ఇందు పదివేల కోట్లకు మించిన నక్షత్రములున్నవి. ఒక అంచునుండి రెండవ అంచునకు పోవుటకు వెలుతురునకే లక్ష సంవత్సరములు పట్టును. సూర్యుడు దీని కేంద్రమునకు ఇంచుమించు 26 వేల కాంతి సంవత్సరముల దూరమున నుండి, సెకనుకు 230 కిలోమీటర్ల వేగముతో దానిచుట్టు తిరుగుచున్నాడు. ఒక్క ప్రదక్షిణమునకు ఇరువది కోట్ల యేండ్లకు పైగా పట్టుచున్నది.

తిరుగు వస్తువు ఎందుకు దూరముగ ఎగిరిపోదు? పొలములో పిట్టలను తోలు బాలుడు ఒడిసెలలో రాయి పెట్టి త్రిప్పునపుడు త్రాడు ఆ రాతిని లోనికి లాగుచుండును. వేగము హెచ్చినకొలది త్రాటిమీద లాగుడు హెచ్చును. వేగమునకు తగిన బలము త్రాటికి లేనిచో అది తెగును, రాయి విసరిపోవును. ఆకాశమున త్రాడు లేదు, గురుత్వాకర్షణమే త్రాడు. ఆ యాకర్షణము లోపలనున్న ద్రవ్యరాశినిబట్టి యుండును. కావున ఒక వస్తువు ఎంత దూరమున ఎంత వేగముతో తిరుగుచున్నదో తెలిసినచో, దానిని లాగు ద్రవ్యరాశి ఎంతయో లెక్కకట్టవచ్చును. ఇది ఆకాశమునకు త్రాసువంటిది.

సూర్యకుటుంబములో ఈ త్రాసు చక్కగా తూగుచున్నది. సూర్యునికి దగ్గరనున్న బుధుడు సెకనుకు 47 కిలోమీటర్లు పోవుచున్నాడు. భూమి 30 కిలోమీటర్లు పోవుచున్నది. చిట్టచివరి నెప్ట్యూను 5 కిలోమీటర్లకు కొంచెము మించి మాత్రమే పోవుచున్నది. బరువంతయు నడుమ సూర్యునియందే యుండుటచే దూరము పెరిగినకొలది ఆకర్షణము తగ్గును. దానితో వేగమును తగ్గును. దూరము నాలుగు రెట్లైనచో వేగము సగమగును. గెలాక్సులలోకూడ వెలుతురు నడిభాగమున దట్టముగను, అంచులయందు పలుచగను కనబడును. బరువు వెలుతురు ననుసరించి యుండునేని, అంచులనున్న నక్షత్రములు నెప్ట్యూనువలె మెల్లగా తిరుగవలెను. చిరకాలము అందఱును అట్లే తలచిరి.

ఈ తలంపునకు మొదట దెబ్బ తగిలినది 1933లో. ఫ్రిట్జ్ జ్వికీ యను స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు అమెరికాలోని కాలిఫోర్నియాలో పనిచేయుచుండెను. ఆయన కోమా యను గెలాక్సుల గుంపును పరిశీలించెను. అది ముప్పది కోట్ల కాంతి సంవత్సరములకు పై దూరమున నున్నది. ఆ గుంపులోని గెలాక్సులు మిక్కిలి వేగముగ పరుగెత్తుచుండుట ఆయన చూచెను. కనబడు నక్షత్రముల బరువు మాత్రమే యున్నచో ఆ గుంపు ఎన్నడో చెదరిపోయి యుండవలెను. ఏదో కనబడని పదార్థము దానిని కట్టియుంచుచున్నదని ఆయన వ్రాసెను. ఆ మాటను నాడు పట్టించుకొన్నవారు తక్కువ.

ఆ మాటను లోకము మరల వినునట్లు చేసినది ఒక స్త్రీ. ఆమె పేరు వెరా రూబిన్. 1928లో అమెరికాలో జన్మించెను. పదేండ్ల ప్రాయమున పడకగది కిటికీనుండి నక్షత్రములు కదలుట చూచుచు నిద్రకు నోచుకొనకుండెడిది. తండ్రి సాయమున అట్టగొట్టముతో దూరదర్శిని చేసికొనెను. ఆ దినములలో ఖగోళశాస్త్రము స్త్రీల చదువు కాదనువారే అధికులు. ప్రిన్స్టన్ విశ్వవిద్యాలయము 1975 వఱకు ఆ శాస్త్రపు పై తరగతులలో స్త్రీలను చేర్చుకొనలేదు. పాలోమార్ కొండమీది పెద్ద దూరదర్శినితో పనిచేయుటకు నియమానుసారముగ అనుమతి పొందిన మొదటి స్త్రీ ఆమెయే, అదియు 1965లో. బిడ్డలను పెంచుచు, ఇల్లు చక్కబెట్టుకొనుచు ఆమె తన పని విడువలేదు.

రూబిన్, ఆమె సహోద్యోగి కెంట్ ఫోర్డు కలిసి దేవయాని గెలాక్సిని ఎన్నుకొనిరి. అది మనకు 25 లక్షల కాంతి సంవత్సరముల దూరమున నున్నది. అంత దూరపు వస్తువు వేగమును ఎట్లు కొలుతురు? సూళ్లూరుపేట స్టేషనులో నిలువక పోవు రైలు కూతను విన్నవారికి ఈ సంగతి సులభముగ బోధపడును. రైలు మనవైపు వచ్చునపుడు కూత సన్నగను హెచ్చుగను వినబడును. దాటిపోవునపుడు బొంగురుగ దిగిపోవును. వెలుతురునకును ఇట్టి ధర్మమే కలదు. మనవైపు వచ్చు నక్షత్రపు వెలుతురు వర్ణపటములో నీలమువైపునకు, దూరముగ పోవుదాని వెలుతురు ఎఱుపువైపునకు కొంచెము జరుగును. ఆ జరుగుట ఎంతయో కొలిచినచో వేగము తెలియును. ఫోర్డు చేసిన పరికరము మసక వెలుతురునుగూడ హెచ్చించి పట్టగలిగెను.

నడిభాగమునుండి అంచువైపు పోయినకొలది వేగము తగ్గుననుకొనిరి. తగ్గలేదు. అంచువఱకు ఇంచుమించు ఒకే తీరుగ నుండెను. 1970లో వారు ఈ సంగతిని ప్రకటించిరి. ఒక్క గెలాక్సిని చూచి లోకనియమము చెప్పరాదని వారు మఱికొన్నింటిని ఒకటి తరువాత ఒకటిగ కొలిచిరి. 1980 నాటికి ఇరువదియొక్క గెలాక్సుల లెక్క వెలువడెను. అన్నిటియందు అదే తీరు. 1978లో ఆల్బర్ట్ బోస్మా యను డచ్చి శాస్త్రజ్ఞుడు రేడియో దూరదర్శినితో, నక్షత్రములకు ఆవలకూడ వ్యాపించియుండు ఉదజని యను హైడ్రోజన్ వాయువును కొలిచెను. నక్షత్రములు లేనిచోటకూడ ఆ వాయువు వేగము తగ్గక యుండెను. మన దేశములో పూనాకు ఉత్తరముగ ఖోడద్ గ్రామమున నున్న 30 పెద్ద రేడియో పళ్లెములు నేడు ఇట్టి వాయువునే చిన్న గెలాక్సులయందు కొలుచుచున్నవి. ఒక్కొక్క పళ్లెము అడ్డుకొలత 45 మీటర్లు.

ఇందలి లెక్క ఎనిమిదవ తరగతివారికి అందనిది కాదు. వేగము మారక దూరము రెట్టింపైనచో, లోపలి ద్రవ్యరాశియు రెట్టింపు కావలెను. దూరము మూడు రెట్లైనచో అదియు మూడు రెట్లు. అనగా వెలుతురు అంతమైన చోటకూడ బరువు అంతము కాలేదు. అది పెరుగుచునే పోవుచున్నది. విశ్వమంతటిలోను మనము ఎఱిగిన పదార్థము ఒక పాలైనచో, కృష్ణపదార్థము ఐదు పాళ్లకు పైగా నున్నదని నేటి లెక్కలు తెలుపుచున్నవి. నేల, నీరు, చెట్టు, మనిషి, సూర్యుడు, చుక్కలు, అన్నియు ఆ ఒక్క పాలులోనివే.

కృష్ణపదార్థమను పేరు విని అది నల్లనిదని తలపరాదు. బొగ్గు నల్లనిది, అది వెలుతురును మ్రింగును. కృష్ణపదార్థము వెలుతురును మ్రింగదు, వెదజల్లదు, అడ్డగించదు. దానిగుండ చూచినచో ఆవలి నక్షత్రము చక్కగా కనబడును. దాని గుర్తు ఒక్కటే: బరువు.

ఇక దాని నడక మాట. పాలపుంతలో నక్షత్రములును వాయువును పళ్లెమువలె పలుచగ పఱచుకొని, గానుగ ఎద్దువలె ఒకే దిక్కున తిరుగుచున్నవి. ఇట్లగుటకు కారణము కలదు. వాయువులోని అణువులు ఒకదానితో నొకటి ఢీకొని వేడెక్కును. ఆ వేడి వెలుతురుగ బయటికి పోవును. శక్తి పోయినకొలది వాయువు అణగి, పళ్లెముగ దిగబడును. కృష్ణపదార్థపు కణములు ఢీకొనవు, వెలుతురు నీయవు, కావున శక్తిని పోగొట్టుకొని దిగబడవు. వానకాలపు రాత్రి దీపముచుట్టు మూగు ఉసిళ్లకు ఒక దిక్కు లేదు; పైకి, క్రిందికి, అడ్డముగ, తమ కిచ్చవచ్చినట్లు తిరుగుచుండును; ఐనను దీపమును విడిచి పోవు. కృష్ణపదార్థపు కణములును అట్లే గెలాక్సి కేంద్రముచుట్టు అన్ని దిక్కుల, సెకనుకు రెండు మూడు వందల కిలోమీటర్ల వేగముతో తిరుగాడుచు, కనబడు పళ్లెముకంటె ఎన్నో రెట్లు పెద్దదగు గుండ్రని తెరవలె దానిని కప్పియున్నవని శాస్త్రజ్ఞుల నిశ్చయము.

కణములు ఢీకొనక పోవుననుటకు ఆకాశముననే ఒక సాక్ష్యము దొరకినది. రెండు గెలాక్సుల గుంపులు ఒకదానిలోనుండి యొకటి దూసికొనిపోయిన చోటు ఒకటి కలదు. తుపాకిగుండు ఆకృతి కనబడుటచే దానిని బుల్లెట్ గుంపు అందురు. అందలి వేడివాయువులు ఒకదానినొకటి తాకి నడుమనే వెనుకబడినవి. కాని బరువెక్కడ నున్నదని చూడగా, అది వాయువుతో లేదు. గెలాక్సులతోకూడ ముందుకు సాగిపోయినది. బరువు తన వెనుకనున్న వస్తువుల వెలుతురును వంచుటనుబట్టి దాని తావు తెలిసినది. 2006లో ఈ ఫలితము వెలువడినది.

సూర్యుడు ఈ కానరాని తెరలోనుండి దూసికొనిపోవుచున్నాడు. గాలి లేని దినమున సైకిలు త్రొక్కువాని ముఖమునకు ఎదురుగాలి తగులును. అట్లే మన భూమికి కృష్ణపదార్థపు ఎదురుగాలి తగులుచుండవలెను. భూమి సూర్యునిచుట్టు సెకనుకు 30 కిలోమీటర్ల వేగముతో తిరుగుచున్నది కదా. జూను నెలలో ఆ వేగములో కొంత సూర్యుని వేగమునకు తోడగును. డిసెంబరులో కొంత తగ్గును. కావున ఎదురుగాలి జూనులో కొంచెము హెచ్చుగను, డిసెంబరులో కొంచెము తక్కువగను ఉండవలెను. ఐతే ఈ గాలి మిక్కిలి పలుచనిది. భూగోళమంత చోటులో ఏ క్షణమున చూచినను ఇంచుమించు అరకిలో కృష్ణపదార్థము మాత్రమే యుండునని లెక్క. విశ్వమున అది ఐదు రెట్లు అధికమైనను, మనచుట్టు ఇంత అల్పముగ నుండుటకు కారణము అది గుట్టలు పడక అంతట పఱచుకొనియుండుటయే.

అది మన శరీరములగుండ అనుక్షణము పోవుచున్నను మనకు తెలియదు. ఎప్పుడో ఒక కణము ఏదో ఒక పరమాణువు నడిబొడ్డును తాకి అణుమాత్రము కదల్చునేమో యని శాస్త్రజ్ఞుల యాశ. ఆ చిన్న కదలికను పట్టవలెనన్న చుట్టును గొప్ప నిశ్శబ్దముండవలెను. నేలమీద అట్టి నిశ్శబ్దము లేదు. ఆకాశమునుండి విశ్వకిరణములు నిరంతరము కురియుచు, మన అరచేతిగుండ సెకనుకు ఒకటి చొప్పున పోవుచునే యుండును. సంతలో సూది పడిన చప్పుడు వినగోరువాడు సంత విడిచి పోవలెను. అందుచే శాస్త్రజ్ఞులు లోతైన గనులలోనికి దిగిరి.

ఈ విద్యలో దక్షిణదేశమున కొక పూర్వఖ్యాతి కలదు. చిత్తూరు జిల్లా కుప్పమునకు సమీపమున, రాష్ట్రపు సరిహద్దు కావల కర్ణాటకములో కోలారు బంగారుగనులున్నవి. చిత్తూరు జిల్లాలోని చిగురుగుంట, బిసానత్తము ప్రాంతపు బంగారురాయి ఆ గనులరాతికి దక్షిణపు కొనయే. కోలారు గనులలో ఛాంపియన్ రీఫ్ అనునది మూడు కిలోమీటర్లు మించిన లోతు గలది. అచటి రాయి వేడి, గాలి ఉక్క. బొంబాయిలోని టాటా మూలపరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు విశ్వకిరణములను కొలుచుటకు 1950 తరువాత ఆ గనులలోనికి దిగుట ప్రారంభించిరి. లోతు పెరిగినకొలది కిరణములు తగ్గుచు వచ్చెను. తుదకు ఒకచోట రెండు నెలలు కాచుకొనియున్నను ఒక్క కిరణమైనను రాలేదు. సామాన్యులు దీనిని వ్యర్థప్రయాస యందురు. శాస్త్రజ్ఞులు మాత్రము ఇంతటి నిశ్శబ్దమున మఱింత సన్నని చప్పుడు వినవచ్చునని సంతోషించిరి.

ఆ సంతోషము వ్యర్థము కాలేదు. 1965లో 2.3 కిలోమీటర్ల లోతున వారు వాయుమండలములో పుట్టిన న్యూట్రినోల జాడ పట్టిరి. న్యూట్రినో కూడ కానరాని కణమే. భూమినంతటిని సునాయాసముగ దాటిపోగలది. ఎం. జి. కె. మీనన్, బి. వి. శ్రీకంఠన్, పి. వి. రమణమూర్తి, వి. ఎస్. నరసింహం మొదలగువారు జపాను, ఇంగ్లాండు శాస్త్రజ్ఞులతో కూడి చేసిన పని యిది. ఇంచుమించు ఆ కాలముననే దక్షిణాఫ్రికా బంగారుగనిలో మఱియొక బృందముకూడ ఈ జాడ పట్టెను. ఈ మీనన్‌గారే 1972లో కొన్ని నెలలు భారత అంతరిక్షపరిశోధన సంస్థకు అధ్యక్షులై యుండిరి. భూగర్భము చూచినవారే అంతరిక్షమునకును మార్గము చూపిరి.

అటుపిమ్మట కోలారు గనిలో ఒక వింత జరిగినది. న్యూట్రినో రాతిని తాకినపుడు సాధారణముగ ఒక గీత రాతినుండి బయలుదేరి పరికరములగుండ పోవును. కాని కొన్నిమారులు రెండు మూడు గీతలు, రాతిలోగాక సొరంగములోని ఉత్తగాలిలోనే ఒక బిందువునుండి చీలి వచ్చినట్లు కనబడెను. గాలిలో తాకుటకు ఏమున్నది? ఏదో బరువైన కణము అచట పగిలిపోయి యుండవలెను. ఎం. ఆర్. కృష్ణస్వామి, మీనన్, నరసింహం మొదలగువారు 1975లో దీనిని ప్రకటించిరి. అట్టి సంఘటనములు వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని మాత్రమే. విదేశములలో పెద్ద యంత్రములతో వెదకినవారికి ఆ కణము కనబడలేదు. చాలకాలమునకు, 2014లో, ఎం. వి. ఎన్. మూర్తి, జి. రాజశేఖరన్ అను శాస్త్రజ్ఞులు ఆ పాత సంఘటనములను మరల విమర్శించి, అవి కృష్ణపదార్థపు కణము పగులుటవలన కలిగినవై యుండవచ్చునని ఒక ఊహ చేసిరి. పెద్ద సొరంగపు గదులలో మరల వెదకవలెనని సూచించిరి. అది ఊహయే గాని రుజువు కాదు.

కోలారులో మాత్రము మరల వెదకుటకు వీలు లేకపోయెను. బంగారము తీయుటకు ఖర్చు హెచ్చి, ఆదాయము తగ్గి, 2001లో గనులు మూతపడినవి. నీరు తోడువారు లేక లోతు సొరంగములు నీటిలో మునిగినవి. తరతరములుగ ఆ గనులను నమ్ముకొన్న కూలివారు బ్రతుకుతెరువు కోల్పోయిరి. వారితోపాటు ఒక ప్రశ్నయు నీటిలో మునిగినది.

ఇతరదేశములలో మూతపడిన గనికి మరల ప్రాణము వచ్చిన సందర్భము కలదు. అమెరికాలో హోమ్‌స్టేక్ అను బంగారుగని 2002లో మూతపడినది. అందు ఒకటిన్నర కిలోమీటరు లోతున నేడు పది టన్నుల ద్రవజెనానును ఒక పాత్రలో నింపి కృష్ణపదార్థమునకై కాచుకొనియున్నారు. కణము తాకినచో ఆ ద్రవములో చిన్న మెఱపు మెఱయును. 280 దినముల పరిశీలనఫలితమును 2024లో ప్రకటించిరి. కృష్ణపదార్థపు మెఱపు ఒకటియు లేదు. ఇటలీలో గ్రాన్ సాస్సో కొండక్రింద స్ఫటికములతో వెదకిన డామా యను బృందమువారు తమకు జూనులో హెచ్చు, డిసెంబరులో తగ్గు కనబడుచున్నదని చాల యేండ్లుగా చెప్పుచున్నారు. కొరియా, స్పెయిను దేశములవారు అట్టి స్ఫటికములతోనే పరీక్షించి చూచిరి. వారికి అట్టి హెచ్చుతగ్గులు కనబడలేదు. ఒకరు చూచినదానిని మఱియొకరు చూడగలిగిననేగాని శాస్త్రము అంగీకరింపదు.

మన దేశములో జార్ఖండులోని జాదుగూడ యురేనియపు గనిలో, 555 మీటర్ల లోతున, 2017లో ఒక ప్రయోగశాల వెలసినది. కలకత్తాలోని సాహా సంస్థవారు అచట చిన్నచిన్న ద్రవబిందువులను మరుగుస్థితికి మించి వేడిగ నుంచి కాచుకొనిరి. కణము తాకినచో బిందువు బుడగయై పగులును. ఆ చిన్న చప్పుడును యంత్రము వినును. వారికిని కృష్ణపదార్థము చిక్కలేదు.

ఇంతమంది వెదకినను దొరకలేదు గావున ఇది లేనేలేదనరాదా? కొందఱు శాస్త్రజ్ఞులు అట్లే శంకించుచున్నారు. కానరాని పదార్థము లేదు, గురుత్వాకర్షణ సూత్రమునే కొంచెము సవరింపవలెనని 1983లో మిల్‌గ్రోమ్ అను ఇజ్రాయేలు శాస్త్రజ్ఞుడు సూచించెను. ఆ సవరణ గెలాక్సుల నడకకు చక్కగా సరిపోవును గాని, బుల్లెట్ గుంపువంటి వానికి సరిపెట్టుట కష్టము. అందుచే పెక్కుమంది కృష్ణపదార్థమునే నమ్ముచున్నారు. ఐనను నమ్మకము వేఱు, పట్టుకొనుట వేఱు. ఆ భేదమును మఱువనివాడే శాస్త్రజ్ఞుడు.

దొరకలేదను ఫలితముకూడ ఫలితమే. పోయిన ఉంగరమునకై ఇల్లు వెదకువాడు ఒక్కొక్క గదిని శ్రద్ధగ ఊడ్చి, ఇచట లేదని నిశ్చయించుకొని తలుపు మూసినచో, ఇక వెదకవలసిన గదులు తగ్గును. శ్రద్ధ లేక వెదకినవాడు అన్ని గదులు తిరిగియు ఏమియు తెలిసికొనడు. హోమ్‌స్టేక్‌లోను, జాదుగూడలోను జరిగినది గదులు మూయుటయే. కనబడనిదానిని కనబడినదని వ్రాసినచో వారికి కీర్తి వచ్చెడిది. వారు అట్లు వ్రాయలేదు. కోలారువారు తమకు అర్థము కానిదానినిగూడ దాచక, ఉన్నదున్నట్లు వ్రాసి యుంచిరి. అందుచేతనే దాదాపు నలువది యేండ్ల తరువాత మఱియొకరు దానిని విప్పి చదివి ఆలోచింపగలిగిరి.

వెరా రూబిన్ 2016లో మరణించెను. ఆమె పేరు పెట్టిన గొప్ప వేధశాల చిలీ దేశపు కొండమీద 2025లో మొదటి చిత్రములను లోకమునకు చూపెను. ఆమె కొలిచిన దేవయాని గెలాక్సిని శ్రీహరికోటనుండి పోయిన ఆస్ట్రోశాట్ తన అతినీలలోహిత దూరదర్శినితో చిత్రించి, అందలి వేడినక్షత్రములను వేఱువేఱుగ చూపినది. ఆ దూరదర్శిని కృష్ణపదార్థమును చూడజాలదు. కాని కానరాని బరువు ఎంతయో తెలియవలెనన్న, కానవచ్చు బరువును ముందుగ సరిగా లెక్కింపవలెను గదా. ఆ లెక్కకు అది తోడ్పడును. ఆ దూరదర్శినిని కూర్చినచోటు కోలారునకు సమీపముననే, హొసకోటలో నున్న ప్రయోగశాల. దానికి ఎం. జి. కె. మీనన్‌గారి పేరే పెట్టిరి. గనిలోతున మొదలైన దారి అట్లు శ్రీహరికోటవఱకు వచ్చి ఆకాశమున కలిసినది.

కృష్ణపదార్థమేదో నేటికిని ఎవరును చెప్పజాలకున్నారు. దానిని మొదట పట్టువాడు ఎవడో, ఏ యూరివాడో తెలియదు. రాజహంసల కాళ్లను చూచి పులికాటు లోతు చెప్పగల జాలరిబిడ్డయే ఆ పని చేయరాదను నియమమేమియు లేదు. కన్నులతో శ్రద్ధగ చూచుట, చూచినదానిని తప్పక కొలుచుట, కొలిచినదానిని దాచక చెప్పుట యను మూడును నేర్చినవానికి, కానరానిదికూడ ఏనాటికైనను తన జాడ తెలుపకపోదు.